పానాల డబ్బా

పనిముట్ల దుకాణం. మధ్యాహ్నం భోజనాల వేళ. కౌంటరుకి అవతల ఆడపడుచు, ఇవతల వదిన.

"అది కాదు వదినా, ముందు ఇది చెప్పు. ఎవరికి?"

"నాకే."

"నీకా!"

"ఏం, నేను పట్టుకుంటే పానా కందిపోతుందా?"

"కందిపోదు గానీ... బల్బు మార్చాలన్నా అన్నయ్య వచ్చేదాకా చీకట్లో కూర్చునే మనిషివి. నువ్వు కారు రిపేరు నేర్చుకుంటావా?"

"చీకట్లో కూర్చుని కూర్చుని విసుగొచ్చింది బుల్లీ."

"అబ్బో, మాటలు నేర్చావే! అన్నయ్యకి తెలుసా?"

"ఆ పైనున్న పెద్ద పెట్టె వద్దు. దించకు, దించకు."

"నేనడిగేదొకటి, నువ్వు చెప్పేదొకటి. అన్నయ్యకి తెలుసా అంటున్నా."

"తెలుస్తుందిలే. మొదటిసారి కొనుక్కునేవాళ్ళకి మీరు ఏ సెట్టు ఇస్తారు?"

"మా ఓనరుంటే ఈ రెండొందల ముక్కల పెట్టె నీకు అంటగట్టేవాడు. నీ అదృష్టం, భోజనానికెళ్ళాడు. ఇందులో సగం ముక్కలు దూరపు చుట్టాల్లాంటివి. వరసగా కూర్చుంటాయి, ఒక్కటీ పనికి లేవదు."

"మరి ఏది పనికొస్తుంది?"

"ఇదిగో, ఈ పానాల వరస. ఒక కొస నోరు తెరిచి ఉంటుంది, రెండో కొస గుండ్రం. ఎనిమిది నంబరు నుంచి పంతొమ్మిది దాకా ఉన్నాయి. ఇది సాకెట్ల పెట్టె, చిన్నదే. ఈ పిడి అటూ ఇటూ ఊపితే చాలు, కిర్రు కిర్రుమని బిగిస్తుంది. స్క్రూడ్రైవర్లు, ఒక ప్లయరు, టైరులో గాలి చూసుకునే మీటరు. మొదట్లో ఇంతే. ఆ తర్వాత ఏ పని వస్తే ఆ పనికి ఒక్కోటి చేర్చుకోవాలి. కొత్త కాపురంలో గిన్నెల్లాగా."

"ఇదీ అదీ ఒకేలా ఉన్నాయి. తేడా ఏంటి?"

"అది చవక రకం. నాలుగు రోజులకే దాని నోరు సాగిపోతుంది. బోల్టు మూలలు కొరికేస్తుంది. ఇక ఆ బోల్టు ఎవరికీ లొంగదు. ముట్టుకోకు."

"అయితే మంచిదే ఇవ్వు. చాలా కాలం ఉండాలి."

"ఏంటో, ఏకంగా గ్యారేజీ పెట్టేలా మాట్లాడుతున్నావ్!"

"చక్రం మార్చాలంటే?"

"జాకీ, చక్రాల పానా కారులోనే ఉంటాయి. డిక్కీలో పట్టా ఎత్తి చూడు."

"చూశా. జాకీ ఉంది. పానా లేదు."

"లేదా? అన్నయ్య ఎక్కడో పెట్టి ఉంటాడు."

"పెట్టే ఉంటారు. అది కూడా ఒకటి ఇవ్వు."

"ఇస్తా. కానీ ఒక్క మాట చెవిలో వేసుకో. జాకీ మీద లేపిన కారు కిందకి మాత్రం దూరకు. చక్రం మార్చావా, దించావా, అంతే. కిందకి దూరే పనికి స్టాండ్లు వేరే ఉంటాయి, అది ఇప్పుడే వద్దు."

"కిందకి దూరే పని లేదు. పైపైనే."

"పైపైన అంటే?"

"బ్యాటరీ... అలాంటివి."

"ఓహో! మళ్ళీ మొరాయించిందా? అందుకేనా ఇంత ఎండలో బస్సెక్కి వచ్చావ్?"

"ఈ గుండ్రం కొస దేనికి?"

"బోల్టుని చుట్టూ పట్టుకోడానికి. జారదు. నీ చెయ్యి పడితే చాలు కారు అలుగుతుందని అన్నయ్య ఊరికే అన్లేదు. మొన్న అందరి ముందూ ఎంత నవ్వించాడో! 'మా ఆవిడ సీట్లో కూర్చుంటే కారుకి జ్వరమొస్తుంది' అని..."

"నువ్వూ నవ్వావ్."

"నవ్వొచ్చేలా చెప్పాడు మరి. ఏం, కోపమొచ్చిందా?"

"లేదే. నేనూ నవ్వాను కదా."

"సరే, అసలు రోగమేంటో నేను చెప్తా ఉండు. పానాలు అమ్మడమే అనుకోకు, రోజూ మెకానిక్కులు ఈ కౌంటరు మీద వాలి చెప్పే కథలన్నీ నా చెవిలోనే పడతాయి. తాళం తిప్పితే ఏమవుతుంది? టక్ టక్ మంటుందా?"

"ఏమీ అనదు."

"లోపలి లైటు?"

"వెలగదు."

"హారను?"

"మోగదు. రిమోటు నొక్కినా పలకదు. తలుపు తాళంతో తియ్యాలి."

"అయితే బ్యాటరీ పోయింది. దానికి పానాలెందుకు? మార్చెయ్యమను."

"కొత్తదే బుల్లీ. వేసి ఎన్నాళ్ళో కాలేదు."

"కొత్తది ఎందుకు పోతుంది? లైట్లు ఆర్పకుండా దిగిపోతావట కదా. అన్నయ్య చెప్పాడు."

"మొదట్లో నేనూ అదే అనుకున్నా. దిగాక మళ్ళీ వెనక్కెళ్ళి చూసేదాన్ని. ఇంట్లోకొచ్చాక కిటికీలోంచి చూసేదాన్ని. ఆరిపోయే ఉండేవి. అయినా పొద్దున్నకి చచ్చి ఉండేది. నాకే మతి పోతోందేమో అనుకున్నా. డాక్టరు దగ్గరికి వెళ్దామా అని కూడా అనుకున్నా."

"రోజూ ఇంతేనా?"

"రోజూ కాదు."

"మరి?"

"మీ అన్నయ్య ఊళ్ళో లేని రోజు."

"ఉన్న రోజు?"

"భేషుగ్గా నడుస్తుంది."

"అంటే... అది కాకతాళీయం."

"అవును. అలాగే అంటారు."

"మెకానిక్కుని పిలవలేదా?"

"పిలిచా. ఆయన కంటే ముందే మీ అన్నయ్య వచ్చేశారు. మెకానిక్కు తాళం తిప్పాడు, లేచింది. ఆయన నా వంక చూసిన చూపు ఉందే..."

"అన్నయ్య వచ్చి ఏం చేస్తాడు? చార్జింగు పెడతాడా?"

"లేదు."

"పక్క బండి బ్యాటరీ నుంచి తీగలు కలుపుతాడా?"

"లేదు. బానెట్ ఎత్తి వంగుతారు. నేను లోపలికెళ్ళి పొయ్యి వెలిగించేలోగా అయిపోతుంది."

"అంతేనా?"

"అంతే."

"చచ్చిన బ్యాటరీ, చార్జింగు లేకుండా, అలా ముట్టుకోగానే లేచి కూర్చుంటుందా? అన్నయ్యేమన్నా మంత్రగాడా..."

"ఊఁ."

"వదినా."

"చెప్పు."

"చార్జి అయిపోయిన బ్యాటరీ అలా లేవదు. తీగ ఊడిన బ్యాటరీ అయితే... లేస్తుంది. తగిలిస్తే చాలు."

"అవునా."

"కానీ ఆ తీగ బిగించే బోల్టు దానంతటది ఊడదు. వదులైతే గతుకుల్లో ఆగుతుంది, అంతే. మనిషి ఊళ్ళో లేని రోజు చూసుకుని ఊడదు. ఎవరో..."

"ఎవరో?"

"నువ్వు నాకు పరీక్ష పెడుతున్నావా?"

"ఆ బోల్టుకి ఏ నంబరు పానా పడుతుంది?"

"నేనడిగినదానికి చెప్పు. నీకు తెలుసు. ముందే తెలుసు నీకు."

"ఏ నంబరు బుల్లీ?"

"పది! పది నంబరు! ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన వారం. తెల్లవారాక వంటింటి కిటికీ తెర జరిపితే కనిపించాడు. ప్రయాణం బ్యాగు భుజానే ఉంది. జేబులోంచి చిన్న పానా తీశాడు. బోల్టు వదులు చేశాడు. తీగ పైకెత్తి కింద గుడ్డముక్క దోపాడు. చేతులు తుడుచుకుని లోపలికొచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు. 'ఏమన్నా పనుంటే కారు తీసుకెళ్ళు, ఎండలో నడవకు' అన్నాడు."

"తాళాలిచ్చాడా?"

"ఎప్పుడూ ఇస్తాడు. వాకిట్లో నిలబడి, ఎదురింటాయనకి వినపడేలా ఇస్తాడు."

"'తీశాడు, దోపాడు' అంటున్నావ్."

"ఏం?"

"అన్నయ్యని నువ్వెప్పుడూ అలా అన్లేదు. వచ్చారు, వెళ్ళారు అనేదానివి."

"అన్నానా? చూసుకోలేదు."

"దొంగల భయంతో తీసి ఉంటాడు వదినా. ఈ మధ్య బళ్ళు పోతున్నాయి కదా."

"దొంగల కోసమైతే నాతో చెప్పొచ్చుగా."

"నీ డ్రైవింగు అంటే భయమేమో. ఎక్కడన్నా గుద్దుకుంటావని. నీ మంచికే..."

"అయితే వద్దనమను. వద్దంటే ఆగుతా, లేదా గొడవ పడతా. ఏదో ఒకటి చేస్తా కదా! వద్దనడు బుల్లీ. వెళ్ళమంటాడు. వెళ్ళమని తీగ పీకుతాడు."

"మరి ఆ ల్యాబు ఉద్యోగం? వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిస్తే నువ్వే వెళ్ళలేదని..."

"ఎవరన్నారు?"

"అన్నయ్యే. 'దానికి పని చెయ్యడం ఇష్టం లేదు, కారు మీదకి నెట్టేస్తోంది' అన్నాడు. మేమందరం..."

"నమ్మారు."

"నమ్మాం."

"నేనూ సగం నమ్మాను. నాకే ఇష్టం లేదేమో, అందుకే ఏదో తప్పు చేస్తున్నానేమో అని."

"ఆగు, ఆగు. పాపకి ఆయాసం వచ్చిన రోజు... అన్నయ్య ఊళ్ళో లేడు."

"లేడు."

"నువ్వు పాపని చంకన వేసుకుని పెద్ద రోడ్డు దాకా పరిగెత్తావు. చెప్పుల్లేకుండా. నీ కాలిలో గాజుపెంకు దిగితే ఆసుపత్రిలో నేనే పట్టుకున్నా నీ కాలు."

"ఊఁ."

"ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

"కానీ అన్నయ్య ఏడ్చాడు వదినా! వరండాలో గోడకి తల ఆనించుకుని ఏడ్చాడు. నా కళ్ళతో చూశా. అది నాటకం కాదు. నాటకమంటే నేనొప్పుకోను."

"నాటకం కాదు. నిజంగానే ఏడ్చాడు. నేను కిటికీలోంచి చూసింది, ఆ ఏడుపు తర్వాత."

"ఒక్క నిమిషం నన్ను కూర్చోనీ."

"ఇదిగో, మంచినీళ్ళు తాగు."

"నా షాపులో నువ్వు నాకు నీళ్ళివ్వడమేంటి... వదినా, మా అమ్మకి ఒక సైకిలుండేది, తెలుసా?"

"తెలీదు."

"టైపు నేర్చుకోడానికి వెళ్ళాలని కొనుక్కుంది. నాన్నకి చిరాగ్గా ఉన్న రోజు దాని చక్రంలో గాలుండేది కాదు. వాల్వు నాన్న జేబులో ఉండేది. మాకదొక ఆట. 'వాల్వు ఎక్కడుందో చెప్పుకో' అని అమ్మ చుట్టూ తిరిగేవాళ్ళం. అన్నయ్యైతే..."

"అన్నయ్యైతే?"

"వద్దులే."

"చెప్పు."

"పీక్కొచ్చి నాన్న చేతిలో పెట్టేది అన్నయ్యే. చిన్నపిల్లాడు వదినా అప్పుడు. వాడికేం తెలుసు?"

"అత్తయ్య ఏమనేవారు?"

"ఏమీ అనేది కాదు. నడిచెళ్ళేది. కొన్నాళ్ళకి వెళ్ళడమే మానేసింది. సైకిలు పెరట్లో తుప్పు పట్టింది. నాన్న చాలా మంచోడని అందరూ అనేవారు."

"మీ అన్నయ్యనీ అంటారు."

"ఇక్కడికే ఎందుకొచ్చావ్? ఊళ్ళో ఇంకో పానాల షాపే లేదా? నాకే చెప్పాలా ఇది?"

"నేను వచ్చి 'మీ అన్నయ్య ఇలా చేస్తున్నాడు' అంటే నమ్మేదానివా?"

"అదీ..."

"నిజం చెప్పు."

"నమ్మేదాన్ని కాదు. ఇంటికి ఫోన్ చేసి అన్నయ్యతో చెప్పి నవ్వేదాన్ని."

"అందుకే. నేను రోగం లక్షణాలే చెప్పాను. రోగం పేరు నువ్వు చెప్పావు. ఆ ఇంట్లో పుట్టిన మనిషి, ఒక్కరంటే ఒక్కరు, నాకు పిచ్చి లేదని తెలుసుకుంటే చాలనిపించింది."

"నేను మాట్లాడతా. సాయంత్రమే వస్తా. నిలబెట్టి అడిగేస్తా. నా మాట వింటాడు వాడు."

"వింటాడు. ముందు నవ్వుతాడు. తర్వాత నీ ముందే నాకు సారీ చెప్తాడు. మళ్ళీ ఆ బ్యాటరీ జోలికి పోడు."

"మనకి కావల్సింది అదే కదా?"

"ఇంకో తీగ వెతుక్కుంటాడు బుల్లీ."

"మరేం చేద్దామని?"

"డబ్బా కట్టు. మీ ఓనరు వచ్చేస్తాడు."

"ఇంట్లో పెడితే అన్నయ్య చూడడా?"

"ఇంట్లో పెట్టను. కాస్త వెనక సందు దాకా పట్టుకొస్తావా? బరువుగా ఉంది."

దుకాణం వెనక సందు.

"ఇది... కారు కదా! మన కారు!"

"ఊఁ."

"నువ్వు బస్సులో వచ్చావనుకున్నా."

"నువ్వనుకున్నావ్. నేనేమీ అన్లేదు."

"అన్నయ్య ఈ రోజు ఊరెళ్ళలేదా?"

"వెళ్ళాడు. తీగ పీకే వెళ్ళాడు."

"మరెలా తెచ్చావ్?"

"పట్టకారుతో."

"వంటింటి పట్టకారా!"

"ఇంట్లో పానా ఉంటే కదా. బోల్టు సరిగ్గా బిగుసుకోలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఆగిపోతోంది. వంతెన మీద ఆగితే వెనక బళ్ళవాళ్ళు తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదు. బానెట్ ఎత్తా, పట్టకారు తీశా. అందరూ నోరు మూసుకున్నారు."

"నవ్వించకు వదినా. డిక్కీ తియ్యి, డబ్బా పెడతా."

"డిక్కీలో చోటు లేదు. ముందు సీటు కింద పెట్టు."

"చోటు ఎందుకు లేదు? ఏముంది... వెనక సీట్లో ఇవన్నీ ఏంటి? పాప బట్టలు. పాప ఆవిరి మిషను. నీ సర్టిఫికెట్ల సంచి."

"నెమ్మదిగా మాట్లాడు."

"వదినా!"

"పాప బళ్ళో ఉంది. ఒంటిపూట బడి కదా, వదిలే వేళయింది. నేను వెళ్ళి తీసుకోవాలి."

"తీసుకుని ఎక్కడికి... వద్దు. చెప్పకు. నా మొహం సంగతి నీకు తెలుసు, కడుపులో ఏముంటే అదే కనపడుతుంది. నాకు తెలీకపోతేనే మంచిది."

"చెప్పను."

"అక్కడ ఎవరన్నా ఉన్నారా? అది మాత్రం చెప్పు."

"ఉద్యోగం ఉంది. గది ఉంది. మనుషులు ఎక్కడైనా ఉంటారు."

"దారిలో ఆగిపోతే?"

"డబ్బా ఉంది కదా."

"డబ్బా ఉంటే సరిపోతుందా, బిగించడం రావద్దూ? బానెట్ ఎత్తు. ఊఁహూఁ, నాకివ్వకు. నువ్వే చెయ్యాలి. పది నంబరు ఏదో వెతుకు."

"ఇదా?"

"అది పన్నెండు. నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది, చూడు."

"ఇదిగో, పది."

"ఆఁ. తీగ కొసని ముందు కిందదాకా నొక్కు. వంకరగా కాదు, తిన్నగా. పానా రెండో కొస ఆ ఎర్ర మూత వైపు మాత్రం తగలనివ్వకు, నిప్పురవ్వలు లేస్తాయి. ఇప్పుడు బిగించు. అటు కాదు వదినా! గడియారం ముల్లు తిరిగే వైపు."

"ఇలాగా?"

"అలాగే. ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు, విరగ్గొడతావ్. ఇప్పుడు చేత్తో పట్టుకుని కదుపు. కదులుతోందా?"

"లేదు."

"సరిగ్గా చూడు."

"కదలట్లేదు బుల్లీ."

"అయితే అయిపోయింది. ఇంతే. ఇంత చిన్న పని..."

"ఏడవకు. రోడ్డు మీద ఉన్నాం."

"నేనేమీ ఏడవట్లేదు. వాడు నాకు సైకిలు నేర్పాడు వదినా. సాయంత్రమంతా వెనకాల పట్టుకుని పరిగెత్తేవాడు. నేను పడిపోతానని."

"నాకు కారు నేర్పింది కూడా మీ అన్నయ్యే. బాగా నేర్పాడు. అబద్ధం చెప్పను."

"తాళం తిప్పు. చూద్దాం."

"లేచింది!"

"లేవక? వెళ్ళు. బడి వదిలేస్తారు. పెద్ద రోడ్డు మీద నెమ్మదిగా పో, ఆ మలుపు దగ్గర లారీలు తిరుగుతాయి. పాపకి చెప్పు... ఒక మేనత్త ఉందని మర్చిపోనీకు."

"అంత సులువుగా మర్చిపోయే నోరా నీది?"

"పో వదినా. పో, ఇక నన్ను మాట్లాడించకు."

మళ్ళీ కౌంటరు. సాయంత్రం. ఫోను. ఇటువైపు ఆడపడుచు మాటలే.

"చెప్పన్నయ్యా... ఆఁ, షాపులోనే ఉన్నా."

"వదినా? ఫోను ఎత్తట్లేదా?"

"ఎదురింటాయన ఫోన్ చేశాడా నీకు? ఏమన్నాడు?"

"కారా? ఇంటి ముందు కారు లేదా?"

"అరవకు అన్నయ్యా, వినపడుతోంది. నాకర్థం కానిది ఒక్కటే. అదెలా పోతుంది? నువ్వు ఊళ్ళో లేని రోజు ఆ కారు స్టార్ట్ అవ్వదుగా?"